బొగ్గు మసి గోడల మధ్య ధర్మశాస్త్రం: ప్రాచీన యూదు రబ్బీల గురించి ఇవి మీకు తెలుసా?

◆ గుంత ప్రాణం తీసేది లోతుతోనా, గాలితోనా?

దారిలో ఒకడు గుంత తవ్వి మూత పెట్టకుండా పోయాడు. ఎద్దు అందులో పడి చచ్చింది. తవ్వినవాడు పరిహారం కట్టాల్సిందే, అందులో వాదం లేదు. కానీ దేనికి కట్టాలి? ఎద్దుకు తగిలిన దెబ్బకా, గుంతలో నిలిచిన చెడుగాలికా? క్రీ.శ. 3వ శతాబ్దంలో బాబిలోనియాలో, అంటే నేటి ఇరాక్‌లో, రవ్, షమూయేల్ అనే ఇద్దరు యూదు ధర్మవేత్తలు దీనిమీద వాదించుకున్నారు. చెడుగాలికే అన్నాడు రవ్. ఎద్దును కొట్టింది నేల. ఆ నేల ఊరుమ్మడిది, తవ్వినవాడిది కాదు. గుంతలో గాలి చెడటానికి మాత్రం కారణం అతనే. షమూయేల్ ఒప్పుకోలేదు. గాలికే బాధ్యుడైనవాడు దెబ్బకు మరింత బాధ్యుడు కాడా అన్నాడు. ఊసుపోక చేసిన వాదన కాదిది. రేపు ఇంకొకడు గుంతకు బదులు దారిలో మట్టిదిబ్బ పోస్తాడు. దిబ్బకు తగిలి ఎద్దు చస్తుంది. దిబ్బ దగ్గర దెబ్బ ఉంది, చెడుగాలి లేదు. రవ్ లెక్కన దిబ్బ పోసినవాడు బయటపడతాడు, షమూయేల్ లెక్కన కట్టాలి.

బొగ్గు గనుల ఊరైన గోదావరిఖనిలో పెరిగినవాళ్లకు ఈ వాదన వివరించి చెప్పనక్కర్లేదు. బాయిలో పైకప్పు కూలినప్పుడే కాదు, గాలి చెడినా ప్రాణం పోతుందని ఇక్కడ ఇంటింటికీ తెలుసు. మనుషులు పనిచేసే చోట ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదని, కార్బన్ డయాక్సైడ్ అర శాతానికి మించకూడదని 2017 నాటి బొగ్గు గనుల నిబంధనలు చెబుతాయి. గాలిని కొలిచే పనిముట్టే లేని కాలంలో రబ్బీలు తమకు చేతనైన కొలత ఒకటి పెట్టుకున్నారు. లోతు పది బెత్తెలు ఉంటే, లోపలి గాలి ప్రాణం తీసేదే. అంతకన్నా తక్కువ లోతు గుంతలో పడి ఎద్దు చస్తే తవ్వినవాడి మీద భారం లేదు, గాయపడితే ఉంది.

తవ్వే చప్పుడు గురించి కూడా రాసుకున్నారు. ఆ చప్పుడుకు బెదిరి ఎద్దు ముందుకు గుంతలో పడితే పరిహారం ఉంది, వెనక్కి పడితే లేదు. ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగ్‌కు ఇళ్ల గోడలు అదిరే కాలనీల్లో చప్పుడుకు, నష్టానికి మధ్య గీత ఎక్కడ గీయాలన్నది ఈ రోజుకూ వేడిగా నడిచే మాటే.

◆ గుడి కూలాక మిగిలింది బడి

క్రీ.శ. 70లో రోమన్ సైన్యం యెరూషలేము దేవాలయాన్ని కూల్చేసింది. బలులు ఆగిపోయాయి, యాజకులకు పని లేకుండా పోయింది. అప్పుడు యోహానాన్ బెన్ జక్కాయ్ అనే గురువు యవ్నే అనే ఊళ్లో బడి నడిపించాడు. ఆ బడుల్లో తరాల తరబడి నోటితో నేర్చి నోటితో అప్పజెప్పిన ధర్మాన్ని క్రీ.శ. 200 ప్రాంతంలో రబ్బీ యెహూదా కూర్చి పెట్టాడు. అదే మిష్నా. ఆరు భాగాలు, 63 గ్రంథాలు. దానిమీద పాలస్తీనాలోనూ బాబిలోనియాలోనూ సాగిన చర్చలు రెండు తల్ముదులయ్యాయి. ఎక్కువగా చదివేది, ఎక్కువ అధికారం ఉన్నది బాబిలోనియా తల్ముదు. 2,711 పత్రాలు.

◆ కైముతిక న్యాయం వాళ్లకూ ఉంది

గాలికే బాధ్యుడైతే దెబ్బకు మరీనూ అన్న షమూయేల్ వాదన మన శాస్త్రాలు చదివినవాళ్లకు కొత్త కాదు. చిన్నదానికే వర్తిస్తే పెద్దదానికి వేరే చెప్పాలా అనే పద్ధతి మన దగ్గర కైముతిక న్యాయం. హిల్లేల్ అనే గురువు చెప్పిన ఏడు వ్యాఖ్యాన సూత్రాల్లో మొదటిది ఇదే. తర్వాత రబ్బీ యిష్మాయేల్ వాటిని 13 చేశాడు, అందులోనూ మొదటిది ఇదే. సంప్రదాయ యూదులు ఈ 13 సూత్రాలను ఉదయం ప్రార్థనలో ఇప్పటికీ చదువుతారు. తర్కసూత్రాలను ప్రార్థనలో కలుపుకున్న సంప్రదాయం అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

అయితే ఈ సూత్రానికి వాళ్లు ఒక కళ్లెం వేశారు. మొదటి సంగతిలో ఎంత ఉందో, తేలిన సంగతిలోనూ అంతే ఉండాలి, అంతకు మించకూడదు. దీనికి ఆధారం సంఖ్యాకాండములో మోషే అక్క మిర్యాము కథ. తండ్రి కోప్పడితేనే కూతురు ఏడు రోజులు సిగ్గుతో ఉండాలంటే, దేవుడు కోప్పడితే పద్నాలుగు రోజులు కావద్దా? అయినా ఆమెను పాళెం బయట ఉంచింది ఏడు రోజులే. తర్కం బలంగా ఉంది కదా అని శిక్ష పెంచుకుంటూ పోవడానికి వీల్లేదు.

◆ కంటికి కన్ను అంటే కన్ను పీకమని కాదు

ఇది మన మైనింగ్ ఊళ్లలో అందరూ తెలుసుకోవాల్సిన సంగతి. నిర్గమకాండములో కంటికి కన్ను, పంటికి పన్ను అని ఉంది. అక్షరాలా తీసుకుంటే అది పగ. రబ్బీలు ఆ మాటను పట్టుకుని ప్రశ్నలు వేశారు. కొట్టినవాడు ముందే గుడ్డివాడైతే? చేయి తెగిన వాడు ఇంకొకరి చేయి నరికితే? అందరికీ ఒకటే ధర్మం ఉండాలని అదే తోరా, అంటే బైబిలు మొదటి అయిదు కాండాలు, చెబుతోంది. అక్షరాల ప్రకారం పోతే ఆ సమానత్వమే పోతుంది. ఇలాంటి వాదనలు ఒక్కటి కాదు, వరసగా వస్తాయి. ప్రతిదాన్నీ తల్ముదు పరీక్షిస్తుంది, కొన్నింటిని చాలవని పక్కన పెడుతుంది. రబ్బీ ఎలియెజెరు మాత్రం నిజంగా కన్నే అన్నాడని కూడా దాచకుండా రాసుకుంది. చివరికి నిలిచిన తీర్పు డబ్బు రూపంలో పరిహారం.

ఆ పరిహారానికి అయిదు పద్దులు: అంగం పోయిన నష్టం, నొప్పి, వైద్యం, పనిలేకుండా పోయిన రోజులు, అవమానం. మన దేశంలో పనిలో గాయపడ్డవాళ్ల పరిహార చట్టం 1923లో వచ్చింది. దాని పట్టికలో చేతి బొటనవేలు పోతే 30 శాతం సంపాదనశక్తి పోయినట్టు లెక్క ఉండేది. వేతనం, వయసు, వైకల్య శాతం మీద ఆ లెక్క నడిచేది. నొప్పికి గానీ అవమానానికి గానీ అందులో వేరే పద్దు ఉండేది కాదు. చేయి పోయిన మనిషి బజారులో నలుగురి ముందు నడిచేటప్పుడు పడే బాధకు పద్దు రాసినవాళ్లు పద్దెనిమిది వందల ఏళ్ల కిందటే ఉన్నారన్న సంగతి నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

అన్నీ మెచ్చదగినవే అని చెప్పను. అంగం పోయిన నష్టాన్ని వాళ్లు కొలిచిన తీరు చదివితే మనసు చివుక్కుమంటుంది. గాయపడ్డవాణ్ని బానిసగా అమ్మితే ముందు ఎంత వచ్చేది, ఇప్పుడు ఎంత వస్తుంది అని చూసేవారు. అది బానిసల బజారు ఉన్న లోకం. పోయిన పనిరోజులను దోసతోట కావలివాడి కూలి లెక్కన కట్టేవారు. చేతి విలువ ముందే చెల్లించారు కాబట్టి, ఇక చేయి లేకుండా చేయగల పనికి వచ్చే కూలే చూడాలన్నది వాళ్ల తర్కం. గాయపడినవాళ్లకు సర్ఫేస్ మీద తేలిక పని అడిగే మన ఊళ్లో ఈ లెక్క మీద గట్టిగా వాదించేవాళ్లు దొరుకుతారు.

◆ దైవవాణికి ఎదురు నిలిచిన బొగ్గు మనిషి

తల్ముదు మొత్తంలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన మనిషి రబ్బీ యెహోషువ. ఆయన బొగ్గులు కాల్చి బతికేవాడు.

యవ్నే బడికి అప్పట్లో పెద్ద రబ్బాన్ గమలీయేలు. అపొస్తలుల కార్యాల్లో కనిపించే గమలీయేలుకు మనవడు. ఒకరోజు సాయంకాలపు ప్రార్థన తప్పనిసరా, ఐచ్ఛికమా అన్న వివాదంలో ఆయన యెహోషువను అందరి ముందూ నిలబెట్టి, తాను కూర్చుని పాఠం చెప్పుకుంటూ పోయాడు. సభ సహించలేదు. పాఠాన్ని ఆపించింది, గమలీయేలును పదవి నుంచి దించింది. రబ్బీ ఎలాజార్ బెన్ అజర్యా అనే 18 ఏళ్ల కుర్రాణ్ని కూర్చోబెట్టింది. అంతకుముందు గమలీయేలు తలుపు దగ్గర కాపలా పెట్టి, లోపలొకటి బయటొకటిగా ఉండే విద్యార్థులను రానివ్వనన్నాడు. ఆ కాపలా తీసేశారు. ఆ రోజే బడిలోకి వందల బల్లలు అదనంగా వేయాల్సి వచ్చింది.

తర్వాత గమలీయేలు క్షమాపణ అడగడానికి యెహోషువ ఇంటికి వెళ్లాడు. గోడలు మసిబారి నల్లగా ఉన్నాయి. మీ గోడలు చూస్తే మీరు బొగ్గు పనివాడిలా ఉన్నారే అన్నాడు. యెహోషువకు ఆ మాట గుచ్చుకుంది. పండితులు ఎలా కూడు సంపాదించుకుంటారో, ఏం తింటారో తెలియని నువ్వు నాయకుడివైతే ఈ తరం గతేమిటని అడిగాడు. గమలీయేలు తల వంచి క్షమించమన్నాడు. తన తండ్రి ముఖం చూసైనా క్షమించమని బతిమాలాక యెహోషువ మెత్తబడ్డాడు.

అఖ్నాయ్ పొయ్యి కథలో నిలబడింది ఈ మనిషే. ముక్కలుగా కోసి మధ్యలో ఇసుక పోసి కట్టిన ఒక పొయ్యికి మైల అంటుతుందా అంటదా అని గొడవ. రబ్బీ ఎలియెజెరు అంటదన్నాడు, మిగతా అందరూ అంటుతుందన్నారు. ఎలియెజెరు ఉన్న వాదనలన్నీ చెప్పాడు, ఎవరూ ఒప్పుకోలేదు. ధర్మం నా వైపుంటే ఈ చెట్టే చెబుతుందన్నాడు. చెట్టు పెళ్లగించుకుని వంద మూరలు జరిగింది. చెట్టు సాక్ష్యం చెల్లదన్నారు. కాలువ వెనక్కి పారింది. అదీ చెల్లదన్నారు. బడి గోడలు ఒరగసాగాయి. పండితులు ధర్మంలో వాదించుకుంటుంటే మీకేం పని అని యెహోషువ గోడలను గద్దించాడు. గోడలు యెహోషువ మీది గౌరవంతో కూలలేదు, ఎలియెజెరు మీది గౌరవంతో నిటారుగా నిలవనూ లేదు. చివరికి ఆకాశం నుంచి స్వరం వచ్చి ఎలియెజెరు చెప్పిందే సరి అంది. యెహోషువ లేచి నిలబడి, ధర్మం ఆకాశంలో లేదని ద్వితీయోపదేశకాండము మాటతోనే ఆ స్వరానికి జవాబు చెప్పాడు. సీనాయి మీద ఒకసారి ఇచ్చాక దాన్ని తేల్చుకోవాల్సింది మనుషులు, అదీ ఎక్కువమంది మాట మీద. దేవుడు నవ్వి, నా పిల్లలు నన్ను గెలిచారన్నాడని తల్ముదు చెబుతుంది.

చాలామంది కథను ఇక్కడితో ఆపుతారు, అది తప్పు. మిగతా సగం బరువైనది. గెలిచిన సభ ఎలియెజెరును వెలివేసింది. ఆ కబురు తగనివాడు వెళ్లి చెబితే లోకమే నాశనమవుతుందని, రబ్బీ అకీవా నల్లబట్టలు కట్టుకుని వెళ్లి, నాలుగు మూరల దూరంలో కూర్చుని, ఎంతో మెత్తగా చెప్పాడు. ఎలియెజెరు బట్టలు చించుకుని నేలమీద కూర్చుని ఏడ్చాడు. ఆ ఏడుపుకు పంటలు దెబ్బతిన్నాయని రాసుకున్నారు. ఈ కథను తల్ముదు ఎక్కడ పెట్టిందో చూడండి. మెజారిటీ అధికారం గురించి చెప్పే చోట కాదు, మాటలతో మనిషిని గాయపరచకూడదని చెప్పే చోట. తీర్పు సరైనదే. ఓడినవాడికి చేసిన గాయాన్ని మాత్రం ఆ తీర్పుతో కప్పిపుచ్చలేదు.

◆ చేతిపనితో బతికిన న్యాయమూర్తులు

యోహానాన్ అనే మరో రబ్బీ (బెన్ జక్కాయ్ కాదు) చెప్పులు కుట్టేవాడు, అదే ఆయన ఇంటిపేరైంది. యిత్సాక్ కమ్మరి. రవ్ హునా దగ్గరికి తగవు వస్తే, నా బదులు పొలానికి నీళ్లు తోడే మనిషిని ఇవ్వండి, అప్పుడు తీర్పు చెబుతానన్నాడట.

◆ నైట్ షిఫ్ట్ కూలికి గడువు ఎంత?

మిష్నా దీన్ని నేరుగా చెబుతుంది. పగలు చేసినవాడికి ఆ రాత్రంతా గడువు, రాత్రి చేసినవాడికి మర్నాడు పగలంతా గడువు. ఆలోగా కూలి ఇవ్వకపోతే యజమాని పాపం మోసినట్టే. కూలికోసమే అతను ప్రాణం ఒడ్డుతాడని బైబిలులో ఒక మాట ఉంది. ఇతను ఎత్తు ఎక్కి, చెట్టుకు వేలాడి, చావుకు ఎదురుపోయింది దేనికి, ఆ కూలికే కదా అని రబ్బీలు దాన్ని విప్పి చెప్పారు. 2003లో జీడీకే 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయిన ఊళ్లో ఈ వ్యాఖ్యానం చదవడం వేరే అనుభవం.

పనిగంటల విషయంలో ఊరి ఆచారమే కొలత. పొద్దున్నే రమ్మని, పొద్దుపోయేదాకా ఉండమని చెప్పి పనికి తెచ్చుకున్నా, ఆ ఊళ్లో ఆ రివాజు లేకపోతే బలవంతం చేయకూడదు. ఒక రబ్బీ కొడుకు కూలీలకు భోజనం పెడతానని మాటిచ్చి వచ్చాడు. తండ్రి కంగారుపడి, పని మొదలు కాకముందే పోయి రొట్టె, పప్పు మాత్రమే అని చెప్పి రా అన్నాడు. వాళ్లు అబ్రాహాము పిల్లలు, సొలొమోను విందంత పెట్టినా వాళ్లకు ఇచ్చిన మాట తీరదు అని ఆయన భయం. ఆ భయంలో కూలివాడి మీద ఎంత గౌరవం ఉందో చూడండి.

దీనికన్నా గట్టి కథ ఇంకొకటి ఉంది. రబ్బా బర్ బర్ హనాన్ అనే పండితుడి ద్రాక్షారసపు పీపాను హమాలీలు మోస్తూ పగలగొట్టారు. ఆయన వాళ్ల పైబట్టలు లాక్కున్నాడు. వాళ్లు రవ్ దగ్గరికి పోయారు. బట్టలు తిరిగి ఇచ్చెయ్యమన్నాడు రవ్. ఇదేనా చట్టం అని అడిగాడు పండితుడు. అవునన్నాడు రవ్, మంచివాళ్ల దారిలో నడవమన్న సామెతల గ్రంథపు మాట చూపించి. మేం పేదవాళ్లం, పొద్దంతా కష్టపడ్డాం, ఆకలేస్తోంది, చేతిలో ఏమీ లేదన్నారు హమాలీలు. కూలి కూడా ఇవ్వమన్నాడు రవ్. ఇదీ చట్టమేనా? అవునన్నాడు రవ్, అదే వాక్యంలో మిగిలిన సగం చూపించి.

◆ అందరూ దోషి అంటే నిర్దోషి

మరణశిక్ష విచారణకు 23 మంది న్యాయమూర్తులు కూర్చోవాలి. విడిచిపెట్టడానికి ఒక్క ఓటు ఎక్కువైతే చాలు, శిక్షించడానికి రెండు ఎక్కువ కావాలి. చిన్నవాళ్లు ముందు మాట్లాడాలి, పెద్దల మాట విన్నాక వాళ్లకు నోరు పెగలదు కాబట్టి. విడుదల తీర్పు ఆ రోజే చెప్పవచ్చు, శిక్ష తీర్పుకు మర్నాటిదాకా ఆగాలి. అందరూ ఏకమై దోషి అంటే మాత్రం అతణ్ని వదిలేయాలన్నాడు రవ్ కహనా. ముద్దాయి వైపు ఆలోచించినవాడు ఒక్కడూ లేకపోతే అది విచారణే కాదు.

◆ శిథిలాల కింద మనిషి ఉన్నాడో లేడో తెలియకపోతే?

శనివారం విశ్రాంతి దినం, సబ్బాతు. ఆ రోజు పని చేయడం తోరాలో పెద్ద నేరం. సబ్బాతు రోజున ఒక ఇల్లు కూలింది. కింద మనిషి ఉన్నాడో లేడో తెలియదు. ఉంటే బతికి ఉన్నాడో లేదో తెలియదు. యూదుడో కాదో తెలియదు. మిష్నా తీర్పు ఒక్కటే: తవ్వండి. ఎన్ని అనుమానాలున్నా ప్రాణం ముందు సబ్బాతు ఆగుతుంది. ఎంతవరకు తవ్వి చూడాలి? ముక్కు దాకా, ఊపిరి ఉందో లేదో తెలిసేదాకా.

ఆధారం ఏమిటని రబ్బీలు తమలో తాము ప్రశ్నించుకున్నారు. ఒక్కొక్కరు ఒక్కో వాక్యం చూపించారు. చివరికి నిలబడింది షమూయేల్ మాట. ఆజ్ఞల వల్ల మనిషి బతకాలని లేవీయకాండము అంది, వాటి వల్ల చావాలని అనలేదు. మిగతా ఆధారాలు ప్రాణం కచ్చితంగా ఉందని తెలిసినప్పుడే పనికొస్తాయి. షమూయేల్ ఆధారం అనుమానం ఉన్నప్పుడు కూడా నిలుస్తుంది, అందుకే దాన్ని మెచ్చుకున్నారు. రామగుండం రెస్క్యూ స్టేషన్‌లో శిక్షణ పొందినవాళ్లకు ఆ తేడా ఎంతటిదో తెలుసు. లోపల మనిషి ఉన్నాడన్న నమ్మకంతో దిగడం వేరు, ఉన్నాడేమో అన్న అనుమానంతో దిగడం వేరు.

◆ ఓడిన వాదనను ఎందుకు దాచిపెట్టారు?

హిల్లేల్ బడి, షమ్మాయ్ బడి మూడేళ్లు తగవు పడ్డాయి. ఇద్దరివీ దేవుని మాటలే, ఆచరణకు మాత్రం హిల్లేల్ మాట అని స్వరం వచ్చింది. మరి హిల్లేల్‌కే ఎందుకు? వాళ్లు నెమ్మదస్తులు, ఎదుటివాళ్ల వాదనను కూడా నేర్పేవారు, అదీ తమ వాదన కన్నా ముందు చెప్పేవారు. ఒంటరిగా మిగిలిన అభిప్రాయాన్ని కూడా ఎందుకు రాసిపెట్టాలని మిష్నాయే అడిగి జవాబు చెప్పుకుంది. రేపు ఇంకో న్యాయసభకు అదే సరైనదనిపిస్తే ఆధారం ఉండాలి కదా.

తల్ముదు పేజీ తెరిస్తే ఇది కంటికే కనిపిస్తుంది. మధ్యలో మూలం, ఒక పక్క 11వ శతాబ్దపు ఫ్రెంచి పండితుడు రాషీ వ్యాఖ్య, రెండో పక్క ఆయన మనవల తరం నుంచి వచ్చిన ఆక్షేపణలు. కాళిదాసుకు మన మెదక్ సీమ కొలిచాల మల్లినాథసూరి ఎలాగో, తల్ముదుకు రాషీ అలాగ.

◆ తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారు

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం ఉంది. మాదిగ కుటుంబాలు, ఒకప్పుడు బాప్టిస్టు క్రైస్తవులు. ఇశ్రాయేలు పన్నెండు గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతి తామేనని నమ్మి, గత శతాబ్దం చివరి దశాబ్దాల నుంచి యూదు ఆచారాలు పాటిస్తున్నారు. వీళ్లమీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన పుస్తకం 2013లో వచ్చింది. ఎఫ్రాయిము గోత్రం అస్సీరియా చెరలోకి పోయింది క్రీ.పూ. 8వ శతాబ్దంలో. మిష్నా కూర్చింది దానికి తొమ్మిది వందల ఏళ్ల తర్వాత. కాబట్టి వాళ్ల నమ్మకం ప్రకారమే చూసినా, రబ్బీల ధర్మం వాళ్లు కొత్తగా నేర్చుకోవాల్సిందే.

ఎవరు యూదులు అన్న ప్రశ్నను ఇప్పటికీ పాత పద్ధతిలోనే తేలుస్తారు. 1973లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ఒవాదియా యోసెఫ్ ఇథియోపియా యూదులను గుర్తించినప్పుడు, 16వ శతాబ్దంలో ఈజిప్టు రబ్బీ దావీద్ ఇబ్న్ జిమ్రా రాసిన అభిప్రాయాన్ని ఆధారంగా తీసుకున్నాడు. నాలుగు వందల ఏళ్ల నాటి రాత ఒక జాతి తలరాతకు ఆసరా అయింది. 2005లో రబ్బీ ష్లోమో అమార్ మణిపూర్, మిజోరం ప్రాంతాల బెనె మెనషేలను ఇశ్రాయేలు సంతతిగా గుర్తించాడు. అయినా వాళ్లు మతస్వీకారం చేయాల్సి వచ్చింది.

ఆ స్వీకారానికి ముగ్గురు న్యాయమూర్తులు కూర్చోవాలి. వచ్చినవాణ్ని ఏం అడగాలో తల్ముదు చెప్పింది. ఇశ్రాయేలు ఈ రోజుల్లో అణగారి, తరిమివేతకు గురై, బాధల్లో ఉందని తెలిసీ ఎందుకు వస్తున్నావు? తెలుసు, నాకు ఆ అర్హత కూడా లేదేమో అని అతనంటే వెంటనే చేర్చుకోవాలి. తర్వాత కొన్ని తేలిక ఆజ్ఞలు, కొన్ని బరువైన ఆజ్ఞలు నేర్పాలి. పేరుపెట్టి తప్పక నేర్పమన్న వాటిలో పేదల వాటా ఉంది: కోతలో రాలిన పరిగె ఏరుకోవద్దు, పొలంలో మరిచిన పన కోసం వెనక్కి పోవద్దు, చేను మూల కోయకుండా వదలాలి, అది పేదలది.